మూడో గడి

"పెట్టె పచ్చంది కదే, ఇంక నీకు గొంతు దురదేంటి?"

గంగాభవాని ఈ లోకంలో విన్న ఆఖరు మాట ఇది. అన్నది పగవాళ్ళెవరో కాదు, సొంత వదిన నూకరత్నం. ఆ తర్వాత నూకరత్నం తన నోరు తానే ఎన్నిసార్లు కొట్టుకుందో. నోరు కొట్టుకుంటే పోయిన మనిషి తిరిగి రాదు. నాలుగో రోజుకి ఏడుపు ఎండిపోయి, కోపం మిగిలింది. సగం కోపం తన మీద. మిగతా సగం ఎవరి మీద పెట్టాలో ఆమెకు ఇంకా తెలియలేదు.

కాకినాడ దాటాక సముద్రపు రోడ్డు పక్కన ఉన్న ఆ రొయ్యల షెడ్డులో నలభై ఒక్కమంది ఆడవాళ్ళు పనిచేసేవారు. తలలు తీయడం, పెంకు ఒలవడం, ఉడికినవి సైజుల వారీగా ఏరడం వాళ్ళ పని. నూకరత్నం వాళ్ళకి మేస్త్రీ. రొయ్యలు ఉడికే చోట ఆవిరి ఎప్పుడూ మబ్బులా పట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ ఆవిరి పీల్చినవాళ్ళలో కొందరికి రొయ్య పడకుండా పోతుంది. మొదట చేతులు దద్దుర్లెక్కుతాయి, తర్వాత ఆయాసం వస్తుంది, ఆ తర్వాత ఒకరోజు గొంతు పూడుకుపోతుంది. అందుకే నాలుగేళ్ళ కిందట గేటు దగ్గర పెట్టె పెట్టారు. సరుకు కొనే దేశాలవాళ్ళు అది ఉంటేనే కొంటామన్నారట.

రోజూ తెల్లవారగానే పెట్టెలో వేలు పెట్టాలి. సూది గుచ్చుకున్నట్టు కూడా తెలియదు. లోపల రెండు చిన్న గడులుంటాయి, ఒకదాంట్లో ఆ రక్తపు చుక్కకి రొయ్య రసం తగులుతుంది. రొయ్య పడని మనిషైతే ఆ రక్తంలో కొన్ని కణాలు ఉలిక్కిపడి పగిలిపోతాయట. నిమిషం తిరక్కుండా దీపం వెలుగుతుంది. పచ్చదీపం వస్తే లోపలికి, ఎర్రదీపం వస్తే ఇంటికి. ఎర్రదీపం వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ గేటు తొక్కనక్కర్లేదు.

ఆడవాళ్ళకి ఆ పెట్టె మీద భయం, భక్తి రెండూ ఉండేవి. దసరాకి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసేవారు. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు "ఆళ్ళ ఇంటిల్లిపాదిదీ పచ్చ రక్తమేనంటండి" అని చెప్పుకునేవారు. నూకరత్నానికి నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎర్రదీపం రాలేదు. భవానికీ రాలేదు. నిరుడు పనిలో చేరిన భవాని కూతురు వీరవేణికీ రాలేదు.

ఆ రోజు పొద్దున్న ఆరూ పదికి భవానికి పచ్చదీపం వచ్చింది. పదకొండు గంటలకి ఉడుకు బల్ల దగ్గర నుంచి వచ్చి, "వదినా, గొంతు గీరుకుంటంది. నాలిక మందంగా అయిపోయినట్టుంది," అంది. బయట లారీ నిలబడి ఉంది. నూకరత్నం ఆ మాట అంది. భవాని ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళి రొయ్యలు ఏరింది. పది నిమిషాల్లో పెదవులు నల్లబడి, ట్రేల మీదికి బోర్లా పడింది.

ఆసుపత్రి వాళ్ళు అడిగినప్పుడు మేనేజరు చలపతి పెట్టె రికార్డు తీసి చూపించాడు. రొయ్య పడకపోవడం కాదని పెట్టే చెప్పింది కదా. కాయితం మీద గుండెపోటు అని రాశారు.

* * *

అయిదో రోజున విశాఖపట్నం నుంచి డాక్టర్ హైమవతి వచ్చింది. ఆ పెట్టెని కనిపెట్టింది ఆవిడే. ఏభై ఏళ్ళుంటాయి. చెరిగిన జుట్టు, మెడలో కళ్ళజోడు, చేతిలో పాత తోలుసంచి. పెట్టె ఉన్న చోట ఎవరైనా చనిపోతే తనకు కబురు రావాలని ఆవిడ ముందే షరతు పెట్టుకుందట.

"గుండెపోటండీ, మీరెందుకు శ్రమపడ్డం," అన్నాడు చలపతి.

"శ్రమ నాది లెండి," అని ఆవిడ షెడ్డు పక్కనున్న చిన్న పరీక్షల గదిలో తన సామాను పరుచుకుంది. భవాని బల్లవాళ్ళని ఒక్కొక్కరినే రమ్మంది. ముందు నూకరత్నం వెళ్ళింది.

హైమవతి ఆమె చేతి నరంలోంచి రక్తం తీసి, మూడు గడులున్న గాజుపలకలో వేసింది. నూకరత్నం కన్ను అక్కడే ఆగింది.

"గేటు దగ్గర పెట్టెకి రెండు గడులే ఉంటాయి కదండీ. మూడోదేంటి?"

హైమవతి పలకని చిన్న తెర ఉన్న యంత్రం మీద పెట్టింది. "చూడండి, చెబుతాను. మొదటి గడిలో ఉత్త ఉప్పునీళ్ళు. అక్కడ మీ కణాలు ఊరుకోవాలి. రెండో దాంట్లో రొయ్య రసం."

"ఊఁ."

"మూడో దాంట్లో లేపే మందు. దానికి అందరి కణాలూ పగలాలి. రొయ్య పడేవాళ్ళవీ, పడనివాళ్ళవీ. అందరివీ."

తెర మీద మూడు గుండ్రాలు కనిపించాయి. పగిలితే తళుక్కుమంటాయని హైమవతి చెప్పింది. ఇద్దరూ ఎదురుచూశారు. బయట ఐసు యంత్రం గరగరలాడుతోంది. మొదటి గుండ్రం చీకటిగా ఉంది. రెండోదీ చీకటే. మూడోది కూడా వెలగలేదు.

హైమవతి మందు మరో రెండు చుక్కలు వేసింది. అయినా వెలగలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"ఏమయ్యింది?" అంది నూకరత్నం.

"మేలుకోలేదు."

"చచ్చిపోయేయా?"

"లేదు, బతికే ఉన్నాయి. కొందరి కణాలు అంతేనమ్మా. పైన తగిలిన కబురు లోపలికి మోసుకెళ్ళే ప్రోటీన్ ఒకటుండాలి, అది వీళ్ళ కణాల్లో చాలదు. గుమ్మం దగ్గర ఎంత పిలిచినా లోపల గదిలో ఉన్నవాడికి వినపడదు. పదిమందిలో ఒకరికి ఇలా ఉంటుంది. దానివల్ల కష్టం ఏమీ లేదు. కాకపోతే మీ రక్తం నాకు ఏమీ చెప్పదు. రొయ్య పడుతుందనీ చెప్పదు, పడదనీ చెప్పదు."

"మరి ఈ కణాలే పగలనప్పుడు రొయ్య మమ్మల్నేం చేత్తాది?"

"రక్తంలో ఉన్నవి మూగవి. వాటి దాయాదులు చర్మంలో ఉన్నాయి, గొంతులో ఉన్నాయి. అవి మూగవి కావు."

నూకరత్నం చీర మీద వేసుకున్న పని జుబ్బా చేతుల్ని కిందికి లాక్కుంది. ఆ గుడ్డ కింద మోచేతుల దాకా రెండేళ్ళుగా దద్దుర్లున్నాయి. రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుంటోంది. చలిగాలి అని ఊళ్ళోవాళ్ళకి చెప్పింది, నీళ్ళలో క్లోరిన్ మందెక్కువ అని తనకు తాను చెప్పుకుంది. పెట్టె పచ్చంటోంది కాబట్టి రొయ్య వల్లనని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"డాక్టరమ్మా, నాకో మాట చెప్పండి. నా రక్తం ఏమీ చెప్పనప్పుడు, పెట్టె పచ్చగా ఎందుకెలిగింది?"

హైమవతి గాజుపలక తీసి పక్కన పెట్టింది.

"నాలుగేళ్ళు. రోజూ. ఎందుకెలిగింది?"

"మొదట నేను చేసిన పెట్టెకి మూడు గడులుండేవి," అంది హైమవతి మెల్లగా. "మూడోది వెలగకపోతే పసుపుదీపం వచ్చేది. చెప్పలేను, ఈ మనిషిని ఆసుపత్రికి పంపి చర్మం మీద పరీక్ష చేయించండి అని అర్థం. కంపెనీలవాళ్ళు, చెప్పలేని పెట్టె మాకెందుకు అన్నారు. పసుపు వచ్చిన ప్రతి మనిషికీ రోజు పని పోతుందన్నారు. మూడో గడి తీసేస్తేనే తీసుకుంటామన్నారు. పెట్టె అసలు లేకపోవడం కంటే రెండు గడులతో ఉండటం నయం కదా అనుకున్నాను. పదిమందిలో ఒకరే కదా అని..."

"ఒప్పుకున్నావు."

"సంతకం పెట్టాను."

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. ఇప్పటిదాకా మీరు మీరు అన్న నోరు అది. "నేను కొడవలితో పీక కోస్తే నన్ను జైల్లో పెడతారు. నువ్వు కలంతో కోసేవు. నీకు కాఫీ ఇచ్చి కూచోబెట్టేరు."

హైమవతి తల దించుకుంది తప్ప, కాదనలేదు. అది చూస్తే నూకరత్నానికి ఇంకా మండింది. ఎదురు తిరిగితే తిట్టడానికైనా వీలుండేది.

మధ్యాహ్నానికి షెడ్డులో అందరి రక్తం చూడటం అయింది. హైమవతి లెక్క వేసి, మళ్ళీ వేసి, అయోమయంగా చూసింది. పోయిన భవానిని తీసేస్తే నలభైమంది. వాళ్ళలో ఇరవై తొమ్మిదిమంది మూగ రక్తంవాళ్ళే. వీరవేణి కూడా.

"ఇలా ఉండకూడదు. నలుగురో అయిదుగురో ఉండాలి. ఇంతమంది ఒకేచోటికి ఎలా చేరారు?"

నూకరత్నం కిటికీలోంచి షెడ్డులోకి చూసింది. పచ్చిరొయ్యల సైజులు ఏరే యంత్రం తిరుగుతోంది. రెండు గొట్టాల సందులోంచి సన్నరొయ్య జారి కింద పడుతోంది, లావురొయ్య మాత్రం పైన మిగులుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేస్తూ పోతే పైన లావువే ఉంటాయి. ఎవరూ చేత్తో ఏరక్కర్లేదు.

"చేరలేదు. మిగిలేం," అంది.

"అంటే?"

"ఈ ఆవిరి అందరికీ పట్టుద్ది. నోరున్న రక్తానికి ఎర్రదీపం వత్తాది, ఆ మనిషి జారిపోద్ది. దాని చోట్లో కొత్తది వత్తాది. దానికీ నోరుంటే అదీ జారిపోద్ది. నాలుగేళ్ళు ఇలా ఏరితే ఎవరు మిగుల్తారు? మీరు జబ్బు లేనోళ్ళని ఏరుకున్నామనుకుంటన్నారు. నోరు లేనోళ్ళని ఏరుకున్నారు."

హైమవతి తన లెక్క కింద ఆ మాట రాసుకుంది. ఇరవై ఏళ్ళు ఆ కణాల వెంట తిరిగిన మనిషికి ఆ ముక్క తట్టలేదు.

నూకరత్నానికి మల్లేశ్వరి గుర్తొచ్చింది. రెండో ఏడు ఎర్రదీపం వచ్చిందని గేటు బయట దొర్లి దొర్లి ఏడ్చింది. అందరూ దాన్ని చూసి అయ్యోపాపమన్నారు. అది ఇప్పుడు బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముకుంటోంది. నిక్షేపంగా బతికి ఉంది.

తలుపు తోసుకుని చలపతి వచ్చాడు. సంగతి విని నవ్వినంత పని చేశాడు. "మేడమ్, మా షెడ్డులో ఏడాదిగా ఒక్క ఎర్రదీపం లేదు. మొన్ననే మాకు బహుమానం ఇచ్చారు. మీరు మీ గదిలో ఏదో మందు వేసి ఏదో చూశారు. రేపు ఆరింటికి షిఫ్టు యథాప్రకారం నడుస్తుంది. పెట్టె పచ్చంటే లోపలికి రావాలి, రాకపోతే మానుకోవాలి."

"పెట్టె నాది," అంది హైమవతి.

"మాకు అమ్మేశారు కదండీ. తాళం మా దగ్గరుంది."

* * *

సాయంత్రం నూకరత్నం ఇంటికి వెళ్ళేసరికి వీరవేణి గుమ్మంలో కూర్చుని రేపటి కోసం టోపీ ఉతుకుతోంది. తల్లి పోయాక ఆ పిల్ల మేనమామ ఇంట్లోనే ఉంటోంది. మేనమామ, నూకరత్నం మొగుడు, బోటు మీద వేటకి వెళ్ళి ఇంకా రాలేదు. చెల్లెలు పోయిన కబురు కూడా ఆయనకి ఇంకా చేరలేదు.

"రేపు ఎళ్ళొద్దు," అంది నూకరత్నం.

"ఎందుకెళ్ళొద్దు? కర్మ అయ్యేదాకా ఇంట్లో కూచుంటే బల్ల ఇంకోళ్ళకి ఇచ్చేత్తారు."

నూకరత్నం తనకు అర్థమైనట్టు అంతా చెప్పింది. వీరవేణి వింటూనే టోపీ పిండి, తీగ మీద ఆరేసింది. ఆ చెయ్యి ఎత్తినప్పుడు, చంక కింద నుంచి నడుము దాకా ఎర్రగా బరికిన గీతలు కనిపించాయి.

"ఏంటే అయ్యి?"

"దోమలు."

"దోమలకి గోళ్ళుంటాయా? ఎన్నాళ్ళనుంచి? చెప్పవే ముండా! గొంతు కూడా గీరుతుందా?"

"గీరితే?" వీరవేణి గిర్రున తిరిగింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. అయిదు రోజులుగా ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. "గీరితే ఎవరికి చెప్పాలత్తా? నీకా? మా అమ్మ నీకే చెప్పింది. నేను పక్క బల్ల మీదే ఉన్నాను. నువ్వేమన్నావో ఇన్నాను."

నూకరత్నం తీగ మీంచి టోపీ తీసెయ్యబోతే వీరవేణి చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడు పెట్టె మాటే వేదం. ఇప్పుడు ఆ డాక్టరు మాట వేదం. మనిషి మాట ఎప్పుడు ఇంటావు నువ్వు?"

పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నూకరత్నం అన్నం పళ్ళెంలో పెట్టి ఆ తలుపు దగ్గర ఉంచింది. పిల్ల అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకు ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

* * *

మర్నాడు అయిదున్నరకే గేటు దగ్గర వరస కట్టారు. హైమవతి అంతకు ముందే వచ్చి, పోలీసుస్టేషనుకీ కార్మికశాఖ ఆఫీసుకీ రాసిన ఉత్తరాలు చేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆఫీసులు తెరిచేది పదింటికి. ఆమె కాయితాలకి బలం వచ్చేసరికి నాలుగు గంటల ఆవిరి పీల్చి ఉంటారు.

వరసలో వీరవేణి ఏడో మనిషి. నూకరత్నం వైపు చూడను కూడా చూడలేదు.

పెట్టె పచ్చదీపాలు వెలిగిస్తూ పోతోంది. ఒకటి, రెండు, మూడు. వెలిగినప్పుడల్లా వీరవేణి ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో నూకరత్నం లెక్కపెట్టుకుంటోంది. నలుగురు లోపలికి వెళ్ళి క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచారు. అప్పుడు ఆమె వెళ్ళి షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది. మేస్త్రీ కాబట్టి ఏదో పని చెప్పబోతోందనుకుని అందరూ ఆగారు.

"అందరూ ఇటు సూడండి. ఒక మాట అడుగుతాను. నాలుగేళ్ళలో నేను మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ఎవరికి దురద పెడతంది? ఎవరికి గొంతు గీరుకుంటంది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నూకరత్నం, ఏంటిది? పక్కకి జరుగు," అన్నాడు చలపతి.

"జరగను. నాలుగేళ్ళు ఆ ఇనప్పెట్టెని అడిగేరు. మనిషిని అడగలేదు. నేనూ అడగలేదు, నన్ను తగలెయ్య. చెప్పినోళ్ళ నోరు ముయ్యించేను." ఆమె జుబ్బా చేతుల్ని భుజాల దాకా లాగింది. పసుపు మరకల కింద చర్మం చింతతొక్కలా పెచ్చులు కట్టి ఉంది. "ఇదిగో, నాకుంది. రెండేళ్ళనుంచి ఉంది. ఇప్పుడు మీరు చెప్పండే. పనికి బయపడి దాచుకున్నోళ్ళు, మొగుడికి బయపడి దాచుకున్నోళ్ళు, నా నోటికి బయపడి దాచుకున్నోళ్ళు, ఎవరున్నారు?"

వరస చివర నుంచి దగ్గు వినిపించింది. అందరిలోకీ పెద్దది అంకాలమ్మ. "నీ నోటికేనే బయపడ్డాను," అంది. "రాత్రిళ్ళు ఊపిరాడదు. కూచుని నిద్దరోతాను. ఏడాదయ్యింది."

"చెయ్యెత్తు పిన్నీ."

అంకాలమ్మ చెయ్యెత్తింది. ఆ పక్కన ఇంకొకామె, "నాకు పెదాలు వాత్తాయి. మా ఆయన రంగేసుకున్నావా అంటాడు," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన మనిషే మరుక్షణం చెయ్యెత్తి ఏడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చేతులు వరసగా లేచాయి. లోపలికి వెళ్ళిన నలుగురిలో ముగ్గురు తడికాళ్ళతో తిరిగొచ్చి ఎత్తారు. హైమవతి పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ఇరవై రెండు దాటింది.

వీరవేణి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏవమ్మా, మీరంతా కలిసి నాటకమాడుతున్నారా?" చలపతి గొంతు పెరిగింది. "లోపల ఆరు టన్నుల సరుకుంది. పాడైతే ఎవరిది పూచీ?"

అప్పుడు కదిలింది వీరవేణి. వరసలోంచి బయటికి వచ్చి నూకరత్నం ఎదురుగా నిలబడింది. తల్లి పొడుగే. ఆ కళ్ళూ తల్లివే.

"అయిదు రోజుల కిందట ఇలా అడిగుంటే మా అమ్మ ఉండేది."

"ఉండేది," అంది నూకరత్నం.

"నువ్వు సంపేసేవు."

"నేనూ సంపేను. కాదనను."

ఇంకేదో అంటుందేమో, ఏదో ఒక సాకు చెబుతుందేమో అని పిల్ల ఒక క్షణం చూసింది. నూకరత్నం చెప్పలేదు. వీరవేణి టోపీ తీసి, గ్లవ్సు తీసి, రెండూ తెచ్చి చలపతి కాళ్ళ దగ్గర పడేసింది.

"నాకూ గీరుకుంటంది సార్. నెలయ్యింది. ఆసుపత్రికి మీ కారులో తీసుకెళ్తారా, బస్సులో ఎళ్ళమంటారా?" ఆయన నోరు తెరిచేలోగా హైమవతి వైపు తిరిగింది. "నువ్వు రాయి డాక్టరమ్మా. మా అమ్మ కాయితం మీద గుండె అని రాసేరు. మా అమ్మ గుండె రాయిలాంటిది, దానికేమీ కాలేదు. అది కొట్టేసి నిజం రాయి. కింద నీ సంతకం పెట్టు. సంతకాలు పెట్టడం నీకొచ్చు కదా."

హైమవతి పెట్టె మీదే కాయితం పెట్టి రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుస కొట్టేసి మళ్ళీ రాసింది. రొయ్య పడక గొంతు పూడుకుని చనిపోయిందనీ, పెట్టె తప్పు చెప్పిందనీ, ఆ తప్పు తనకు ముందే తెలుసనీ రాసి సంతకం పెట్టింది. ఆ వాక్యంతో తన ఉద్యోగం పోతుందని ఆవిడకి తెలుసు. దానికి ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు.

షెడ్డులో ఉడుకు తొట్టెలు ఉడికినట్టే ఉన్నాయి, వాటి ముందు ఒక్క మనిషి లేదు. చలపతి ఫోనులో ఎవరికో బతిమాలుకుంటున్నాడు. ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చి, ఆసుపత్రి వైపు రోడ్డు పట్టారు. అంకాలమ్మని ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు.

నూకరత్నం వీరవేణి పక్కకి చేరి చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల విదిలించుకుంది.

"దూరంగా నడు."

నూకరత్నం నాలుగడుగులు వెనక్కి తగ్గింది. ముందు పిల్ల మెడ నిటారుగా పెట్టుకుని విసవిసా నడిచిపోతోంది. ఊపిరి ఎలా తీస్తోందో వెనకనుంచి చెవి ఒగ్గి వింటూ, అడుగు తప్పకుండా నూకరత్నం నడిచింది.